పథకము - పరివర్తనము - కొలత



దక్షిణ అండమాను దీవిలో, ఫెరార్‌గంజ్ తహసీలునందు, తుష్నాబాద్ అను గ్రామము కలదు. దేశపటములో దాని పేరు కనబడదు. దీవుల పటములో సైతము వెదకి పట్టుకొనవలసినదే. కాని అండమాను పాలనాశాఖలలో పనిచేయు ఉద్యోగి ఆ ఊరి పేరును సంవత్సరమునకు ఎన్ని పట్టికలలో వ్రాయునో లెక్కించినచో ఆశ్చర్యము కలుగును. ఇండ్లకు ఒక పట్టిక, కుళాయిలకు ఒకటి, బడి పిల్లలకు ఒకటి, టీకాలకు ఒకటి, మహిళా సంఘముల అప్పులకు మరియొకటి. గడి నిండినచో పని జరిగినట్లు. గడి ఖాళీగా నున్నచో పైనుండి తాఖీదు వచ్చినట్లు. ఆ గడిలోని అంకె ఊరిలోని మనుష్యుల బ్రదుకులో కలిగిన మార్పును నిజముగా చెప్పుచున్నదా? అభివృద్ధి పథకము వేయుటలోను, దాని ఫలితమును మదింపు చేయుటలోను గల కష్టమంతయు ఈ చిన్న ప్రశ్నలో ఇమిడి యున్నది.

ఈ ప్రశ్నను తుష్నాబాదు వంటి చోట నిలిచి వేసికొనుటకు కారణము కలదు. మనుష్యులను మార్చవలెనను సంకల్పముతో ప్రభుత్వములు వేసిన పథకములు ఈ దీవులలో ఒకదాని వెనుక ఒకటిగా నడచినవి. 1858లో ఏర్పడిన శిక్షాస్థావరములో, కొంతకాలము సత్ప్రవర్తనతో గడపిన ఖైదీకి భూమి నిచ్చి, కాపురము పెట్టుకొననిచ్చి, రైతుగా మార్చు పద్ధతి ఉండెను. 1926 మొదలుకొని భాంతు అను జాతివారిని ఉత్తర భారతము నుండి తెచ్చి ఫెరార్‌గంజ్ ప్రాంతమున స్థిరపరచిరి. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులకు భూములిచ్చి గ్రామములు నెలకొల్పిరి. 2004 సునామీ పిదప నికోబారు దీవులలో ఊళ్ళకు ఊళ్ళనే తిరిగి కట్టవలసి వచ్చెను. ఇన్ని పథకములు నడచిన నేలమీద, వాని ఫలితములను కొలిచిన కొలతబద్దను కూడ ఒకమారు చేతికి తీసికొని చూచుట ఉచితము.

ముందుగా మాటల అర్థమును తేల్చుకొనవలెను. ఖర్చు వేరు, పని వేరు, మార్పు వేరు. ఊరిలో బావి త్రవ్వించుటకు ఇంత సొమ్మయినదనుట ఖర్చు. బావి త్రవ్వబడినదనుట పని. ఇదివరలో ఆ చెంతకు రానీయబడని వాడవారు కూడ వచ్చి, తమ బిందెను తామే ముంచుకొని పోగలుగుట మార్పు. మొదటి రెండును కచేరిలో కూర్చుండి వ్రాయవచ్చును. మూడవది బావిగట్టున నిలిచి, ఒక ఉదయమంతయు చూచినగాని తెలియదు. పథకముల చరిత్రలో జరిగిన పొరపాటులలో పెక్కు, రెండవదానిని వ్రాసి మూడవది వ్రాసినట్లు భావించుట వలన జరిగినవే.

స్వతంత్ర భారత ప్రభుత్వమునకు ఈ భేదము ఆరంభముననే తెలిసియుండెను. ప్రణాళికా సంఘము 1950 మార్చిలో ఏర్పడెను. 1952 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతి నాడు, దేశమున 55 సమాజ వికాస ప్రాజెక్టులు ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమే కార్యక్రమ మూల్యాంకన సంస్థ కూడ ఏర్పడెను. పని చేయు శాఖ వేరు, ఆ పనిని పరీక్షించు సంస్థ వేరుగా ఉండవలెనను నియమమును నాడే అంగీకరించిరి. అన్నము వండినవారే రుచి చూచి బాగున్నదనినచో తినువారికి నమ్మకము కలుగదు గదా! 1957లో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ ప్రాజెక్టులను పరిశీలించి, ప్రజలు తమంత తాముగా ముందునకు వచ్చుట కొరవడినదనియు, నిర్ణయాధికారమును ప్రజలెన్నుకొన్న సంస్థలకు అప్పగింపవలెననియు చెప్పెను. ఆ సలహా ననుసరించి 1959లో ఆంధ్ర ప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ వెలసెను. షాద్‌నగర్‌లో దానిని నెహ్రూ ప్రారంభించిరి. ప్రణాళికా సంఘము 2015లో తొలగి, ఆ స్థానమున నీతి ఆయోగ్ వచ్చినది. సంస్థల పేర్లు మారినవి. ప్రశ్న మాత్రము మారలేదు.

తెలుగునాటి గ్రామమొకటి ఈ శాస్త్రమునకు తొలి పాఠములలో ఒకటి అయినదని పెక్కుమందికి తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిన శ్యామాచరణ దూబే హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేట గ్రామమును పరిశీలించి 1955లో గ్రంథము ప్రకటించెను. ఆ పిమ్మట ఆయన ఉత్తర ప్రదేశ్‌లో సమాజ వికాస ప్రాజెక్టు క్రింద నున్న గ్రామములను చూచి 1958లో మరియొక గ్రంథము వ్రాసెను. అందు తేలిన విషయమేమనగా, మంచి విత్తనము, ఎరువు, అప్పు వంటి మేళ్ళలో ఎక్కువ భాగము అంతకు ముందే కలిగియున్న రైతులకు చేరినది. గ్రామమునకు ఇంత లాభము కలిగినదని సరాసరి చూపు అంకె అబద్ధము కాదు. కాని గ్రామము అను ఒక మనిషి లేడు. ఊరిలో భూస్వామి యున్నాడు, కౌలుదారు యున్నాడు, కూలి మనిషి యున్నది. మేలు ఎవరి ఇంటిలోనికి పోయినదో అంకె చెప్పదు.

ఇంటిలోనికి పోవుట అను మాటకు విదేశములనుండి ఒక నిదర్శనము చెప్పవచ్చును. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున, స్పానిషు భాష మాటలాడు రైతులుండు ఒక చిన్న గ్రామములో, 1946లో వ్యవసాయాధికారి యొకడు సంకర మొక్కజొన్న విత్తనమును ప్రవేశపెట్టెను. అతడు రైతుల భాష నెరిగినవాడు, వారి మన్ననను పొందినవాడు. దిగుబడి బాగుగా పెరిగెను. మొదటి ఏట 40 మంది, 1947లో 60 మంది రైతులు ఆ విత్తనము వేసిరి. ఆ ఏడు మదింపు చేసియున్నచో పథకము దిగ్విజయమని వ్రాసియుందురు. 1948లో 30 మంది మాత్రమే వేసిరి. 1949 నాటికి మిగిలినవారు ముగ్గురు. కారణమేమి? ఆ పిండితో చేసిన రొట్టె ఆడువారికి నచ్చలేదు. రంగు వేరు, రుచి వేరు, పిండి సాగు తీరు వేరు. అధికారి పొలమునకు పోయి మగవారిని అడిగెను. వంటింటిలో ఎవరిని అడుగలేదు. మన ఊళ్ళలో క్రొత్త వరివంగడము వచ్చినపుడు, అన్నము మెతుకు విడుచుచున్నదా, చలిదికి నిలుచుచున్నదా అని ముందుగా చూచునది ఎవ్వరో తెలుగు గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఫెరార్‌గంజ్ కథకు వత్తము. భాంతులు నాటి సంయుక్త రాష్ట్రములలో, అనగా నేటి ఉత్తర ప్రదేశ్ ప్రాంతమున, తిరుగాడు జాతి. 1871లో పుట్టిన నేరజాతుల చట్టము ఇట్టి జాతులపై పుట్టుకతోనే నేరస్థులను ముద్ర వేసెను. 1926 నుండి కొన్ని భాంతు కుటుంబములను ఓడ ఎక్కించి అండమానునకు తెచ్చి, భూమి నిచ్చి, సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సేవాసంస్థ పర్యవేక్షణలో నివసింపజేసిరి. తిరుగువారిని కుదురుగా నుండు రైతులుగా మార్చుట ఆ పథకము ఉద్దేశము.

దీనికి సరియైన జోడు తెలుగుదేశమున నున్నది. బాపట్ల ప్రాంతమున స్టూవర్టుపురము 1913లో అదే సంస్థ నిర్వహణలో నెలకొనెను. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర వెలసిన ఆ ఊరిలో ఎరుకలవారిని చేర్చిరి. ఎరుకలవారు మొదట దొంగలు కారు. ఎద్దులపైనను గాడిదలపైనను ఉప్పు, ధాన్యము వేసికొని తీరమునకును ఎగువ సీమలకును నడుమ వర్తకము చేసినవారు వారిలో ఎందరో యుండిరి. ఉప్పుపై ప్రభుత్వము గుత్తాధికారము పెట్టెను. రైలుబండి వచ్చి సరకును మోసికొని పోయెను. అడవి చట్టములు వచ్చి వెదురు, గడ్డి, మేత దొరకకుండ చేసెను. జీవనము పోయిన పిదప నేరజాతి యను పేరు వచ్చెను. స్టూవర్టుపురములో భూమి అందరికి చాలకపోగా, చీరాలలోని పొగాకు కార్ఖానాకు వారిలో పెక్కుమంది కూలీలైరి.

ఈ స్థావరముల ఫలితమును ఎట్లు కొలిచిరి? హాజరుపట్టీతో కొలిచిరి. పేరు పిలిచినపుడు పలికినవారెందరు? అనుమతి చీటి లేక ఊరు దాటినవారెందరు? కేసులు తగ్గినవా, పెరిగినవా? ఈ ప్రశ్నలన్నియు స్థావరమును కాచువారి ప్రశ్నలు. అందుండు కుటుంబములకు వేరు ప్రశ్నలు కలవు. ప్రక్క ఊరి రైతు పనికి పిలుచుచున్నాడా? బడిలో పిల్లవానిని ఏ పేరుతో పిలుచుచున్నారు? పట్టణమున అద్దెకు గది దొరకునా? ఎక్కడనో కన్నము పడినచో ఎవరి తలుపు తట్టుచున్నారు? ఈ ప్రశ్నలకు పట్టికలో గడి లేదు.

స్వాతంత్ర్యానంతరము 1949లో నేరజాతుల చట్టమును విచారించుటకు ఏర్పడిన సంఘమునకు తెలుగువారెరిగిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులైరి. వీరు చిత్తూరు మండలమువారు; తరువాత లోకసభ స్పీకరుగా పనిచేసిరి. ఆ చట్టము 1952 ఆగస్టు 31వ తేదీన రద్దయ్యెను. చట్టము పోయినది, పేరు పోయినదా? 1991లోను, 2023లోను వచ్చిన తెలుగు చలనచిత్రములలో సైతము స్టూవర్టుపురము అను మాట దొంగతనమునకు గురుతుగనే చెలామణి యయ్యెను. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ కుటుంబముల నడుమ 1970లనుండి పని చేసిరి. చట్టము పోయిన రెండు దశాబ్దముల పిదప ఆ సేవకు అవసరము కలుగుటయే, హాజరుపట్టీ చేయజాలని పని మిగిలియుండెననుటకు సాక్ష్యము. మారవలసినవారు ఎరుకలవారు మాత్రమేనని పథకము తలచెను. వారిని చూచు లోకము కూడ మారవలసి యున్నదని తలపలేదు. కొలతబద్ద ఒక్క వైపుననే పెట్టిరి.

కొలతకు అందక పోవునది ఎల్లప్పుడు నష్టమే కానక్కరలేదు. ఎవ్వరు తలపని మేలు కూడ పట్టికకు వెలుపల జరుగవచ్చును. నెల్లూరు మండలము కథ ఇందుకు నిదర్శనము. 1991లో ఆ జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగెను. రాత్రిబడులకు కూలిపని ముగించుకొని స్త్రీలు వచ్చిరి. పథకము లక్ష్యము స్పష్టము: ఇంతమందికి చదువుట, వ్రాయుట, లెక్కలు రావలెను. పాఠములలో సీతమ్మ కథ యను నొకటి యుండెను. భర్త త్రాగుడు వలన నాశనమైన స్త్రీ కథ అది. చదివినవారికి అది పాఠముగా తోచలేదు, ఇంటిసంగతిగా తోచెను. కలిగిరి ప్రాంతమునందలి దూబగుంట గ్రామస్త్రీలు కూడి తమ ఊరిలో సారా దుకాణమును మూయించిరి. ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధురాలైన రోశమ్మ ఈ ఉద్యమమునకు ముఖముగా నిలిచెను. 1992లో అది జిల్లా అంతటను వ్యాపించెను. సారా పాటలు జరుగకుండ స్త్రీలు అడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను.

ఉద్యోగులు ఈ కథను ఫైలు దృష్టితో ఒకమారు చూడవలెను. సారా రాబడికి ఒక శాఖ లక్ష్యము పెట్టుకొనెను. అక్షరాస్యతకు మరియొక శాఖ లక్ష్యము పెట్టుకొనెను. ఒక శాఖ లెక్కలో మగవాడు సారా త్రాగుట ఫలితము. మరియొక శాఖ లెక్కలో అతని భార్య పలక పట్టుట ఫలితము. రెండు శాఖలును తమ తమ గడులను నింపుకొనుచు, ఒకరి కాగితము నొకరు చూడకుండిరి. రెండు లక్ష్యములును ఒకే ఇంటి గడపలో ఢీకొనినవి. ఆ సంగతి ముందుగా తెలిసినది ఆ ఇంటి ఇల్లాలికి. పథకములను కలిపి మదింపు చేసినది ఆమెయే.

ఈ కథలో మరి రెండు పాఠములు కలవు. ఒకటి, మదింపు చేయు కాలమును బట్టి ఫలితము మారుచున్నది. 1995లో చూచినవాడు మద్యము పోయినదని వ్రాయును. 1997 తరువాత చూచినవాడు మరల వచ్చినదని వ్రాయును. రెండవది, ఆ ఇద్దరును చూడని చోట మార్పు నిలిచియుండవచ్చును. సారా పోరాటమున కూడిన నెల్లూరు స్త్రీలలో ఎందరో, దినమునకు ఒక రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములుగా ఏర్పడిరి. కూడి కూర్చుండుట, లెక్క వ్రాసికొనుట, అధికారి యెదుట నోరు విప్పుట వారికి అలవాటయ్యెను. చట్టము వచ్చుచు పోవుచుండును; అలవడిన గొంతు పోదు.

తిరిగి దీవులకు రావలెను. 1949 నుండి జరిగిన వలస పథకమున ఒక్కొక్క శరణార్థి కుటుంబమునకు సాగునేల 5 ఎకరములు, గుట్టనేల 5 ఎకరములు ఇచ్చుట సాధారణ పద్ధతిగా నుండెను. ఇల్లు, ఊరు, నేల కోల్పోయి ఓడలో వచ్చినవారికి ఆ పొలము ప్రాణమిచ్చినది. దానిని తక్కువ చేసి చెప్పుట అన్యాయము. దీవుల జనసంఖ్య 1951లో 30,971, 2011లో 3,80,581. అడవి నరికి సాగులోనికి తెచ్చిన విస్తీర్ణము ప్రతి నివేదికలో ఫలితముగా లెక్కకు ఎక్కినది. కాని అదే అడవి జారవాలకు ఇల్లు. ఒకే ఎకరము ఒకరి ఖాతాలో జమ, మరియొకరి ఖాతాలో ఖర్చు. ఆ రెండవ ఖాతా వ్రాయువారు లేకపోయిరి. దక్షిణ, మధ్య అండమానులలో అడవి అంచు గ్రామములకును జారవాలకును నడుమ దశాబ్దముల పాటు నడచిన ఘర్షణలకు మూలము ఆ వ్రాయని ఖాతాయే.

చిన్న అండమానులోని ఓంగీల విషయము మరింత ఆలోచింపదగినది. 1901 జనగణనలో వారి సంఖ్య 672. 1961లో 129. వారిని ఉద్ధరింపవలెనని 1970లలో డుగాంగ్ క్రీక్ వద్ద కొయ్య ఇండ్లు కట్టి, కొబ్బరితోట వేసి, బియ్యము మొదలగు సరకులు ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఇండ్లు నిలిచినవి, తోట పెరిగినది, సరకు పంచబడినది. పని అను గడి నిండినది. వేటయు, తేనెయు, చేపలును జీవనముగా గలవారికి ఒకచోట కూర్చుండి సరకు కొరకు ఎదురుచూచుట మేలా అని అడిగి తెలిసికొనిన తరువాత వేసిన పథకము కాదది. 2001లో వారు 96 మంది. అయితే వారి పూర్వజ్ఞానము వ్యర్థమైనది కాదు. 2004 డిసెంబరు 26వ తేదీన సముద్రము వెనుకకు తగ్గుట చూచి, దాని అర్థము గ్రహించి, ఎత్తైన చోటికి తరలిపోయి వారు ప్రాణములు దక్కించుకొనిరి. ఏ శిక్షణ పథకములోను చేరని విద్య అది.

జారవాల విషయమున ప్రభుత్వము వేరు మార్గము త్రొక్కెను. వారి రక్షిత ప్రాంతము 1957లో ప్రకటింపబడెను. 1997 చివరినుండి వారు తమంత తామే అడవి వెలుపలికి రాసాగిరి. 1999లో వారి నడుమ తట్టు వ్యాపించెను. వారిని కూడ ఒకచోట స్థిరపరుపవలెనా అను వాదము న్యాయస్థానముల వరకు పోయెను. తుదకు 2004 డిసెంబరులో ప్రకటించిన విధానము, వారి జీవనములో వీలైనంత తక్కువగా చేయి పెట్టవలెనని నిర్ణయించెను. ఒక్కొక్కచోట పథకము వేయకుండుట కూడ పథకమే యని ప్రభుత్వము అంగీకరించుట గొప్ప విషయము. 2001 జనగణనలో జారవాలు 240 మంది. 2011లో 380 మంది. ఈ అంకెలు సంతోషమునిచ్చును. అయినను అడవిలోనివారిని లెక్కించు వీలు ఒక గణనకు మరియొక గణనకు మారును గనుక, ఒక్క విధానము వలననే ఇంత పెరిగెననుట తొందరపాటు. మంచి వార్తను కూడ నిదానించి చదువుట మదింపు ధర్మము.

తుదిగా నికోబారు. కార్ నికోబారు దీవిలో తుహెట్ అను ఉమ్మడి కుటుంబము కలదు. భూమి, కొబ్బరితోట తుహెట్‌వి. పెద్దవారి మాటపై అందరు కలిసి అనుభవించుట ఆచారము. సునామీ పిదప ప్రభుత్వమును, సేవాసంస్థలును చేతనైనంత సాయము చేసినవి. రేకుల తాత్కాలిక వసతులు, ఆ పిమ్మట దీవులన్నిటిలో కలిపి తొమ్మిది వేలకు పైగా పక్కా ఇండ్లు వచ్చినవి. కాని పరిహారపు దరఖాస్తులో కుటుంబము అను గడికి అర్థమేమి? దేశమంతటను ఉన్న అర్థమే: భర్త, భార్య, బిడ్డలు. సొమ్ము ఆ లెక్కననుసరించి ఆ పేర్ల మీదనే బ్యాంకునకు చేరెను. ఇండ్లు ఆ లెక్కననుసరించియే కట్టబడెను. అంతవరకు కలిసి యున్న తుహెట్‌లో ఒక్కొక్క జంటకు వేరు సొమ్ము, వేరు గడప ఏర్పడెను. తమ ఇండ్లు తామే కట్టుకొందుము, పనిముట్లు ఇచ్చిన చాలునని కోరిన నికోబారీలు కూడ ఉండిరి.

ఇక్కడ ఒక ముఖ్య విషయము గ్రహింపవలెను. ఆ దరఖాస్తును ఎవ్వరు దురుద్దేశముతో తయారు చేయలేదు. సముద్రము మింగినదానిని త్వరగా పూరింపవలెనని శ్రమించినవారే చేసిరి. అయినను ఒక గడి యొక కుటుంబ పద్ధతిని కదలించెను. పట్టిక మార్పును చూచు అద్దము మాత్రమే యని తలచుట పొరపాటు. పట్టికయే మార్పును చేయును. దానిలో ఏ మాటకు ఏ అర్థము వ్రాసిరో ఆ అర్థము ననుసరించి మనుష్యులు విడిపోవుదురు, చేరుదురు, తమను తాము చెప్పుకొనుట నేర్తురు. భాంతులకు, ఎరుకలవారికి నేరజాతి యను గడి చేసిన పని అదియే. తుహెట్‌నకు కుటుంబము అను గడి చేసినదియు అట్టిదే.

ఇంత చెప్పిన పిమ్మట, సాధారణోద్యోగి చేయగలిగినదేమి అను ప్రశ్న వచ్చును. పథకములు వేయువారు వేరు, నిధులిచ్చువారు వేరు. గుమాస్తాకు, పర్యవేక్షకునకు గడి నింపుట తప్ప ఏమి కలదని నిరుత్సాహము పొందనక్కరలేదు. చేయదగినవి కలవు.

పని మొదలు పెట్టుటకు ముందే ఉన్న స్థితిని వ్రాసి పెట్టుట మొదటిది. ముందు ఎట్లుండెనో తెలియనిదే తరువాత ఏమి మారెనో చెప్పలేము. పథకము లేని ప్రక్క ఊరిని కూడ చూచుట రెండవది; వానలు బాగుగా పడిన ఏట పంట పెరిగినచో ఆ పుణ్యము పథకము ఖాతాలో వ్రాసికొనరాదు. ఇంటిపెద్దనే కాక, ఇల్లాలిని, కౌలుదారును, అద్దెకున్నవానిని కూడ వేరుగా అడుగుట మూడవది. పని ముగిసిన నాడు తీసిన ఛాయాచిత్రముతో తృప్తిపడక, మూడేండ్లకో అయిదేండ్లకో మరల పోయి చూచుట నాలుగవది. అన్నిటికంటె ముఖ్యమైనది అయిదవది: గడిలో ఇమడని సమాధానమును పారవేయక, రిమార్కుల గడిలోనైనను వ్రాసి పైకి పంపుట. దూబగుంట వంటి వార్త ఏ కచేరికైనను మొదట వచ్చునది రిమార్కుగనే.

తెలుగు ఉద్యోగులకు ఇందు ప్రత్యేకమైన కర్తవ్యము కూడ కలదు. 2011 జనగణన ప్రకారము అండమాన్ నికోబారు దీవుల జనములో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళము మొదలగు ఉత్తర కోస్తా మండలములనుండి, ఏ పునరావాస పథకమును లేకయే, ఓడ టిక్కెట్టు తామే కొనుక్కొని కూలికి, చేపలవేటకు వచ్చినవారి సంతతి. పథకముల పట్టికలలో వీరి పేర్లు తక్కువగా కనబడుటకు అదియు ఒక కారణము. వచ్చినవారిని రాజభాషలో అడిగినచో ఔనండి, బాగున్నదండి అని చెప్పి ఊరకుందురు. అదే ప్రశ్నను ఏమప్పా, నీళ్ళు వస్తున్నాయా అని ఇంటిభాషలో అడిగినచో అసలు సంగతి బయటపడును. తెలుగు తెలిసిన ఉద్యోగి ఆ ఇంటి అరుగు మీద పది నిమిషములు కూర్చుండుట కంటె మంచి మదింపు సాధనము లేదు. బెంగాలీవారి, రాంచీవారి, తమిళుల అరుగుల మీద కూర్చుండుటకు ఆయా భాషలవారిని తోడుగా పిలుచుకొని పోవుట కూడ అట్టిదే.

తుష్నాబాదు పేరు రేపు మరల ఏదో పట్టికలో వ్రాయవలసి యుండును. అంకె సరిగా నుండవలెను. అందు సందేహము లేదు. ఆ అంకెను వ్రాయు చేయి ఒక్క నిమిషము ఆగి, ఈ గడిని ఎవరు గీసిరి, ఇందులో ఎవరి ప్రశ్న యున్నది, ఎవరి ప్రశ్న లేదు అని అడిగినచో, పథకమునకు మేలు జరుగును. పథకము ఎవరి కొరకు వేయబడెనో వారికి అంతకంటె మేలు జరుగును.

స్వస్తి.